దేవుడు లేడని ఊళ్ళో చెప్పే పద్ధతి

మీకు దేవుడి మీద నమ్మకం లేదని కోనసీమలో తెలిసిన రోజున ఈ సృష్టి ఎలా పుట్టిందని మిమ్మల్ని ఎవరూ అడగరు. "అయితే రేపు మీరు పోతే ఎక్కడ పెడతారండీ?" అని అడుగుతారు. మర్యాదగానే, కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. కాబట్టి మతాన్ని నలుగురిలో విమర్శించాలనుకునేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసింది డార్విన్ సంగతి కాదు, సొంత శవం సంగతి.

నేను ఏ.ఎన్.ఎం.గా పనిచేసి రిటైరయ్యాను. అంబాజీపేట, అయినవిల్లి చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి నేను నర్సమ్మనే. పుట్టింది క్రైస్తవుల ఇంట్లో. అమ్మ ప్రార్థన చేయకుండా కంచం ముట్టేది కాదు. నాకు ఆ నమ్మకం నర్సు శిక్షణ రోజుల్లోనే సడలిపోయింది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ దాచలేదు, ఇప్పుడూ దాచడం లేదు. ఈ మధ్య కాలేజీ పిల్లలు వచ్చి, "మేమూ మాట్లాడాలనుకుంటున్నాం మేడమ్, ఎలా మొదలుపెట్టాలి?" అంటున్నారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

శవం సంగతి: నా ఒళ్ళు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి, కళ్ళు నేత్రనిధికి. కాగితం మీద మనం సంతకం పెట్టినంత మాత్రాన పని జరగదు. కళ్ళు ఆరు గంటల లోపు తీయాలి. ఆ సమయంలో ఫోను చేయవలసింది, శరీరాన్ని అప్పగించవలసింది ఇంట్లోవాళ్ళు. అందుకని వాళ్ళతో ముందే మాట్లాడి, వాళ్ళ చేతే సాక్షి సంతకాలు పెట్టించండి. మా అబ్బాయి ప్రతి ఆదివారం గుడికి వెళ్ళే మనిషి (మా వైపు చర్చినీ గుడి అనే అంటాం). "నా ప్రార్థన నేను చేసుకుంటాను, నీ కాగితం ప్రకారం నిన్ను పంపిస్తాను" అన్నాడు. ఈ ఒక్క జవాబు సిద్ధంగా ఉంటే ఊళ్ళో సగం వెటకారం అక్కడే ఆగిపోతుంది.

దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి

దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఎవరైనా అడిగితే "లేడనే అనుకుంటున్నానండీ" అని ఒక్క ముక్కలో చెప్పండి. నీళ్ళు నమలకండి, ఉపన్యాసమూ ఇవ్వకండి. ఆ వాదనలో రెండు పక్షాలూ చిన్నప్పటినుంచి విన్న మాటలే మళ్ళీ వినిపించుకుంటాయి. టీ చల్లారిపోతుంది, ఎవరి దారిన వాళ్ళు పోతారు.

నేను అడిగే ప్రశ్న వేరు. ఈ నమ్మకానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? ఆ ఖర్చు డబ్బు కావచ్చు, ఒళ్ళు కావచ్చు, ఆడపిల్ల చదువు కావచ్చు, ప్రాణం కావచ్చు. ఖర్చు లేనిదాని జోలికి నేను పోను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నేనూ వెళతాను. పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభలు ఆ కొబ్బరితోటలోకి చేరతాయి. గంగలకుర్రు వాళ్ళు అంత ఎత్తు ప్రభను కౌశిక కాలువ నీళ్ళలోకి దించి, ఒరగకుండా అవతలి గట్టుకు ఎక్కిస్తుంటే కన్ను ఆర్పబుద్ధి కాదు. "నాస్తికులకు తీర్థం ఎందుకండీ?" అని అడిగితే జీళ్ళు కొనుక్కోవడానికి అంటాను. పరీక్షల ముందు అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేసిన పెన్ను పిల్లాడి జేబులో ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు. చదివి వెళ్ళాడా అన్నదే నాకు కావాలి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు, ఏడేసి ప్రదక్షిణలు చేసేవాళ్ళనూ ఏమీ అనను, నడక ఒంటికి మంచిదే. కానీ షుగరు మాత్ర వేసుకుని, పస్తు ఉండి, ఎండలో తిరుగుతున్న మనిషి కనబడితే అక్కడే ఆపుతాను. ఆ మాత్ర మీద ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి మనిషే పడిపోతాడు. ఏకాదశి అయినా, రంజాను అయినా, శ్రమదినాల ఉపవాసం అయినా చక్కెరకు తెలియదు. ఉపవాసం మానమని నేను అనను. మందు మోతాదు మార్చమని డాక్టరును ముందే అడగమంటాను. ఆ మాట వినడానికి ఎవరూ దేవుణ్ణి వదులుకోనక్కరలేదు.

ఇక వదలకూడనివి. గ్రహణం మొర్రితో బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట ఏం జరుగుతుందో నేను చాలాసార్లు చూశాను. బిడ్డను చూడరు. బాలింత వైపు తిరిగి, "గ్రహణం నాడు ఏం కోశావు?" అని అడుగుతారు. అత్తగారు అడుగుతుంది, ఆడపడుచు అడుగుతుంది, చివరకు కన్నతల్లి కూడా అడుగుతుంది. ఆ పిల్ల గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది, వంకాయ కోశానేమో అంటుంది. ఇక ఆ వంకాయ జీవితాంతం ఆమె నెత్తిన ఉంటుంది. ఇక్కడ నేను గొంతు పెంచుతాను. అత్తగారినే పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయిస్తాను: గ్రహణం ఎప్పుడు పట్టింది, అప్పటికి ఎన్నో నెల? కడుపులో బిడ్డ పైపెదవి ఏడెనిమిది వారాలకే అతుక్కుని తయారైపోతుంది. అంగిలి మూడో నెల దాటేసరికి పూర్తవుతుంది. చాలామందికి ఆ పెదవి తయారయ్యే నాటికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. మరి ఏడో నెలలో పట్టిన గ్రహణం, ఎప్పుడో అతుక్కున్న పెదవిని వెనక్కి వెళ్ళి ఎలా చీల్చింది? ఈ లెక్క అర్థం కాని అత్తగారిని నేను ఇంతవరకు చూడలేదు. ఒప్పుకోని వాళ్ళు ఉన్నారు, అది వేరు. ఆ వెంటనే ఆపరేషన్ ఎక్కడ చేస్తారో, బిడ్డకు పాలు ఎలా పట్టాలో చెబుతాను. ఇది చెప్పడానికి సిద్ధంగా లేకపోతే మొదటిది కూడా చెప్పకండి.

పాము దగ్గర

మంత్రగాడు అనగానే మోసగాడని మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువ. మా వైపు పాము మంత్రం వేసేవాళ్ళలో చాలామంది డబ్బు ముట్టరు. ముడితే మంత్రం పనిచేయదని వాళ్ళ నమ్మకం. అర్ధరాత్రి లేపినా వస్తారు. అలాంటి మనిషిని దొంగ అంటే ఊరు ఊరంతా ఆయన వైపు నిలబడుతుంది, నిలబడాలి కూడా. విమర్శించవలసింది మంత్రాన్ని, పోతున్న సమయాన్ని.

మంత్రం ఎందుకు పనిచేసినట్టు కనబడుతుందో ముందు మీకు తెలిసి ఉండాలి. చేలల్లో, కాలువ గట్ల మీద కనబడే పాముల్లో నీరుకట్టు, జెర్రిపోతు లాంటి విషం లేనివే ఎక్కువ. విషం ఉన్న పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. వీళ్ళందరూ మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. కట్లపాము కాటు దగ్గరే అసలు చిక్కు. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. గాటు సరిగా కనబడదు, వాపు రాదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, ఆపైన ఊపిరి అందదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. అది ప్రభుత్వాసుపత్రిలో ఉంటుంది, రామాలయం అరుగు మీద ఉండదు.

ఒక వానాకాలం రాత్రి మా ఊరి పాలేరు ఒకతన్ని మంత్రం దగ్గర కూర్చోబెట్టారని కబురు వచ్చింది. వెళ్ళేసరికి పెద్దాయన వేపమండ పట్టుకుని ఉన్నారు, చుట్టూ ముప్పై మంది ఉన్నారు. ఆ సమయంలో మంత్రం అబద్ధమని చెబితే ముప్పై మందితో పోట్లాట, అతని ప్రాణం ఆ పోట్లాటలో పోతుంది. నేను అడిగింది ఒక్కటే. "బాబాయిగారూ, ఈ మంత్రం ఇంటి దగ్గర వేస్తేనే పనిచేస్తుందా, ఆటోలో వేసినా పనిచేస్తుందా?" ఆయన నా వైపు చూశారు. మంత్రానికి చోటు పట్టింపు లేదన్నారు. "అయితే ఎక్కండి." అమలాపురం వరకు ఆయన మంత్రం ఆపలేదు, ఆటో కూడా ఆగలేదు.

అది విమర్శ కాదు, ప్రాణం నిలబెట్టే ఏర్పాటు. విమర్శ ఆ తరువాత చేశాను, అతను ఇంటికి వచ్చాక, అదే అరుగు మీద, బాబాయిగారి ఎదుటే. ఇంజెక్షన్ వల్ల బతికాడన్నాను. నా మంత్రమూ ఉందన్నారు. "ఉండనివ్వండి. ఇంజెక్షన్ లేకుండా, మీ మంత్రం ఒక్కదానితో బతికిన కట్లపాము కాటు మనిషి పేరు ఒక్కటి చెప్పండి" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. అబద్ధమాడే మనిషి కాదు కాబట్టి ఏ పేరూ చెప్పలేదు. ఆయన మంత్రం మానలేదు, కానీ ఆ తరువాత ఎవరు లేపినా ముందు ఆటోను పిలవమనేవారు.

పసిరికలకు పోసే పసరు కథా ఇదే. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి, పసరు ఇచ్చినవాడికి కీర్తి దక్కుతుంది. ఆటలమ్మ కూడా అంతే. ఆ ఇంటికి ఎవరూ రాకూడదన్న కట్టుబాటు నిజానికి మంచిదే, అంటువ్యాధి కదా. దాన్ని మెచ్చుకుని, స్నానం వద్దనడాన్ని, మందు వద్దనడాన్ని మాత్రం తప్పుపడతాను. కుక్క కాటు దగ్గర మాత్రం మెచ్చుకునేందుకు ఏమీ లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టించాలి. తాయెత్తు కడతానన్నవాడితో అక్కడ మర్యాద కూడా అక్కరలేదు.

మీ ఇంటి మతంతో మొదలుపెట్టండి

నేను గుడి గురించి ఒక్క మాట అంటే "మీరు చర్చివాళ్ళు కదండీ" అంటారు. చర్చి గురించి అంటే "సాతాను పట్టింది" అంటారు. రెండో మాట పడటం మేలు. సొంత ఇంటిని విమర్శించినవాళ్ళకే పక్కింటి గురించి నోరు విప్పే అర్హత ఉందని మన జనం అనుకుంటారు, అది న్యాయమే అని నాకూ అనిపిస్తుంది. పైగా ఇంటి మతం మనకు లోపలినుంచి తెలుసు. ఏ పాట ఎక్కడ ఏడిపిస్తుందో కూడా తెలుసు.

తెలిసినదాన్ని తెలిసినట్టు చెప్పండి, మంచితో సహా. 1836లో నరసాపురం వైపు వచ్చిన మిషనరీల దగ్గరినుంచి మొదలుపెడితే, మా పేటలకు (దళితవాడలకు) అక్షరాలు తెచ్చినవాళ్ళలో వాళ్ళు ముందుంటారు. మా అమ్మమ్మ చదవడం నేర్చుకున్నది బైబిలు కోసమే. ఇది చెప్పాక, అదే గొంతుతో, ఏసుప్రభువు దగ్గర కులం లేదని పాడి శవాలను మాత్రం కులానికో సమాధుల దొడ్డిలో పూడ్చడం ఏమిటని అడుగుతాను. పెద్దలు తల దించుకుంటారు. దించుకోనివాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

క్షయ మాత్రలు వేసుకుంటున్న ఒకావిడ స్వస్థత కూటంలో నూనె రాయించుకుని, రెండు నెలలకే మందు మానేసి, గుడిలో సాక్ష్యం చెప్పింది. క్షయకు మందు ఆరు నెలలు. రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, రోగం పోయిందనిపిస్తుంది. అక్కడ మానేస్తే తిరగబెట్టినప్పుడు ఆ మందులకు లొంగకపోవచ్చు, ఇంట్లో పిల్లలకూ అదే అంటుకోవచ్చు. నేను ఆరాధన మధ్యలో లేవలేదు, అలా లేవడం చట్టప్రకారం కూడా తప్పే. సోమవారం పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. "మీ ప్రార్థన మీద నాకు నమ్మకం లేదు, మీకు తెలుసు. కానీ ఆవిడ మళ్ళీ రక్తం కక్కితే ఊరు అడిగేది నన్ను కాదు, మిమ్మల్ని" అన్నాను. వచ్చే ఆదివారం రెండు నిమిషాలు ఇమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు, తానే చెప్పారు: మందులు కూడా దేవుడే ఇచ్చాడు, ఎవరూ మానవద్దని. దేవుడు ఇవ్వలేదని నేను లేచి సవరించలేదు. కానీ బయట గేటు దగ్గర అందరూ ఉండగా ఆవిణ్ణి అడిగాను, కఫం పరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించుకుంటారని. సాక్ష్యాన్ని అబద్ధమనలేదు, పరీక్ష చేయించమన్నాను.

రెండు విమర్శలు మాత్రం చేయవద్దంటాను. మొదటిది, ఊళ్ళో నాలుగు ఇళ్ళున్న మతాన్ని వేదిక ఎక్కి ఏకడం. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు హేతువాదులు కారు, వేరే లెక్కలున్నవాళ్ళు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టుపక్కల నడిపిన ఆశ్రమాల్లో ఒకటి తగలబడి, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది చనిపోయారు. ఆ సంగతి చెప్పకూడదని కాదు. చెప్పేటప్పుడు మన ఊరి గుడి మండపంలో, మన ప్రార్థన మందిరంలో కట్టేసిన పిచ్చివాళ్ళ సంగతి కూడా చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్ని ఎక్కడైనా నిషేధించింది. రెండోది, చర్చికి వెళుతూ హిందువుగా ఎస్సీ కాగితం పెట్టుకున్నవాళ్ళను వేలెత్తి చూపడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది, తరువాత సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మార్చుకున్నా పేట మారదు, పేటను చూసే చూపూ మారదు. ఆ కాగితం మీద విరుచుకుపడే నాస్తికుడు తాను ఏ వీధిలో నిలబడి మాట్లాడుతున్నాడో ఒకసారి చూసుకోవాలి.

కొబ్బరికాయతో

మాటల కంటే కొబ్బరికాయ బాగా చెబుతుంది, ముఖ్యంగా కొబ్బరికాయలతో బతికే మా సీమలో. చేతబడి చేసినవాళ్ళ కాయ కొడితే రక్తం వస్తుందని భయపెడతారు కదా. కాయకు మూడు కళ్ళుంటాయి, వాటిలో ఒకటే మెత్తనిది. ఆ కంటి మీద పీచు కాస్త తప్పించి, సన్నటి సూదితో గుచ్చి, పొటాషియం పర్మాంగనేట్ పలుకులు రెండు మూడు లోపలికి జారవిడిచి, పీచు మళ్ళీ సర్దేయండి. పలుకులు నీళ్ళలో కరగనిచ్చి, జనం మధ్య కొడితే ఎర్రటి నీళ్ళు కారతాయి. ముందు వరసలోని పిల్లలు వెనక్కి జరుగుతారు. ఇంకో చిట్కా మరీ తేలిక: పసుపు నీళ్ళలో సున్నం వేస్తే పారాణి ఎరుపు వస్తుంది, ఇది ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసినదే. అదే నీళ్ళు మంత్రగాడి చేతిలో ఉంటే మాత్రం భయపడతారు.

ఇక్కడ నా నియమాలు గట్టివి. గుట్టు అక్కడే, అప్పటికప్పుడే విప్పాలి. రేపు చెబుతానంటే ఈ రాత్రికే మీరు కొత్త మంత్రగాడై కూర్చుంటారు. విప్పాక రెండో కాయ ప్రేక్షకుల్లో ఒకరి చేతికిచ్చి వాళ్ళ చేతే చేయించాలి. ఆ నీళ్ళు ఎవరినీ తాగనివ్వకూడదు. ఊళ్ళో ఫలానా మంత్రగాడు ఇలాగే చేశాడని పేరు పెట్టకూడదు, మీరు చూడలేదు కదా. నిప్పుల మీద నడవడం చూపించాలని కుర్రాళ్ళకు ఉబలాటం. చెక్కబొగ్గు, దాని మీది బూడిద వేడిని నెమ్మదిగా వదులుతాయి, పాదం ఆనేది క్షణం సేపే, అందుకే కాలదు. కానీ గుండంలో మేకు ఉన్నా, అడుగు ఆగినా కాలుతుంది. అనుభవం ఉన్న జన విజ్ఞాన వేదిక వంటి వాళ్ళు పక్కన లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. 1995 సెప్టెంబరులో వినాయకుడు పాలు తాగిన రోజున నేను చేసింది ఇంకా చిన్న పని: మా ఉపకేంద్రంలో నీళ్ళ కూజా అంచుకు చెంచాతో పాలు ఆనించాను. కూజా కూడా తాగింది.

చట్టం ఎంతవరకు

రాజ్యాంగం 19వ అధికరణం మాట్లాడే హక్కు ఇస్తుంది. 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుడి విధి అంటుంది. ఇవి రెండూ వల్లె వేసి వేదిక ఎక్కేవాళ్ళు మిగతాది చదవరు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. పాత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షన్ ఇందులో 299. ఒక వర్గం మతభావాలను రెచ్చగొట్టాలని ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తే మూడేళ్ళ వరకు జైలు. ఇందులో బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇవ్వాలి. ఫోనులో పెట్టిన మాటకూ ఇది వర్తిస్తుంది. 302 ఒక వ్యక్తి మతభావాన్ని గాయపరచాలని కావాలని అన్న మాటకు, 300 ఆరాధనకు ఆటంకం కలిగించినందుకు, 298 విగ్రహాన్నో గ్రంథాన్నో పాడుచేసినందుకు, 196 వర్గాల మధ్య శత్రుత్వం పెంచినందుకు. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 295ఎను నిలబెడుతూనే, ప్రతి అవమానమూ దాని కిందికి రాదని, దురుద్దేశంతో కావాలని చేసినదే వస్తుందని చెప్పింది. ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు 299 కింద పెట్టిన కేసును విచారణకు తీసుకోకూడదు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు చేయకుండా ముందు నోటీసు ఇవ్వాలని 2014 అర్నేష్ కుమార్ తీర్పు. ఇవన్నీ ఉన్నా, చివరకు కేసు కొట్టేసినా, స్టేషను చుట్టూ తిరగడమే పెద్ద శిక్ష.

అందుకని దేవతల పుట్టుకల మీద హాస్యం నాకు వద్దు. 2022 డిసెంబరులో తెలంగాణ కొడంగల్‌లో అయ్యప్ప పుట్టుక గురించి మాట్లాడిన నాస్తిక వక్త అరెస్టయ్యాడు, ఊరూరా ధర్నాలు జరిగాయి. ఆ ప్రసంగంలో మరే మంచి మాట ఉన్నా ఎవరికీ గుర్తు లేదు. ఆ హాస్యం వల్ల ఏ ఆడపిల్ల పెళ్ళి ఖర్చు తగ్గింది? అదే నోటితో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం గురించి చెప్పండి. తాయెత్తుతో, మంత్రంతో కేన్సరు, పక్షవాతం, మూర్ఛ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే దాని కింద నేరం. కరపత్రం దాచిపెట్టి ఫిర్యాదు ఇవ్వండి. మైకు మీద రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిషేధం 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల్లో ఉంది. పరీక్షల నెలలో గుడి మైకు మీదా, చర్చి మైకు మీదా, మసీదు మైకు మీదా ఒకే రోజు, ఒకే కాగితం మీద అర్జీ ఇవ్వండి. నేను ఇచ్చాను. ముగ్గురికీ ఒకేసారి కోపం వచ్చింది, కాబట్టి ఎవరికీ పెద్దగా రాలేదు.

ప్రమాదం లేదని నేను చెప్పను. పుణెలో డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న ఉదయపు నడకలో కాల్చి చంపారు. దేవుణ్ణి తిట్టే మనిషి కాదాయన, మూఢనమ్మకాల మీద చట్టం అడిగిన మనిషి. ఆయన పోయిన కొద్ది రోజులకే ఆర్డినెన్స్, ఆ డిసెంబరులో చట్టం వచ్చాయి. 2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురంలో ప్రజాప్రతినిధుల ఇళ్ళు తగలబడినప్పుడు, ఒక పూటలో ఊరు ఎంత మారిపోతుందో మేమంతా చూశాం. ఒంటరిగా మాట్లాడకండి. సభ పెడితే పోలీసులకు ముందే రాసివ్వండి. మాట్లాడేది మొత్తం మీరే రికార్డు చేసుకోండి, ఎవరైనా ముక్క కత్తిరించి తిప్పితే మొత్తం మీ దగ్గర ఉండాలి. ఉద్యోగానికి, పెళ్ళికి ఇంట్లోవాళ్ళ మీదే ఆధారపడి ఉన్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, రెండేళ్ళు ఆగినా కొంపలేమీ మునిగిపోవు. నాస్తికోద్యమం నడిపిన గోరాగారి (గోపరాజు రామచంద్రరావు) కాకినాడ కాలేజీ ఉద్యోగం 1933లో ఆయన నాస్తికత్వం వల్లే పోయింది. భార్య సరస్వతి గోరా పక్కన నిలబడబట్టి ఇల్లు నడిచింది. మీ పక్కన ఎవరున్నారో చూసుకోండి.

పులిహోర, చందా, పెళ్ళి

పులిహోర తినండి. ప్రసాదం తిరస్కరించి నాస్తికత్వం నిరూపించుకోవడం ఎదుటివాళ్ళ ఇంటి భోజనాన్ని ఈసడించడంతో సమానం, మన జిల్లాల్లో అంతకు మించిన తప్పు లేదు. చందా విషయంలో మాత్రం తేల్చి చెప్పండి. వినాయకచవితి కుర్రాళ్ళు వస్తే విగ్రహానికి ఇవ్వను, నిమజ్జనం రోజున కాలువ గట్టు మీద మంచినీళ్ళ క్యాన్లకు ఇస్తాను. క్రిస్మస్‌కు కూడా అంతే. చావు ఇంట్లో నోరు మెదపకండి. ఏడుస్తున్నవాళ్ళ ముందు ఆత్మ లేదని చెప్పేవాడికి వాదన కాదు, బుద్ధి లేదు. పని చేయండి, బల్లలు వేయించండి, టీ కాచండి, మరణ ధ్రువపత్రం కోసం పంచాయతీకి వెళ్ళండి.

పెళ్ళికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. పురోహితుడూ అక్కరలేదు, పాస్టరూ అక్కరలేదు. ముప్పై రోజుల నోటీసు మాత్రం గోడ మీద పెడతారు, కులాంతరమైతే ఆ ముప్పై రోజులు జాగ్రత్త. గోరాగారి పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడితో పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ ఒప్పుకుని, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా సిద్ధపడ్డారు. 1948 మార్చిలో అక్కడే పెళ్ళి జరిగే నాటికి ఆయన లేరు. రాజమండ్రిలో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే, భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు మోశారు. వీరేశలింగంగారు నాస్తికులు కారు, ప్రార్థన సమాజం మనిషి. అయినా నాస్తికులకు ఆ ఇంటి నుంచి నేర్చుకోవలసింది ఉంది. ఆచారం వద్దన్న రోజున బిందె ఎవరు ఎత్తుతారో ముందే అనుకోవాలి. మా ఊళ్ళో రెండు మతాల పిల్లలు పెళ్ళి చేసుకుంటే మొదటి ఆర్నెల్లు వాళ్ళు ఉన్నది మా వెనక గదిలో.

రాబోయే పుష్కరాలు

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కొత్తగా విమర్శ మొదలుపెట్టేవాళ్ళకు ఇది మంచి పాఠం. మునిగితే పుణ్యం వస్తుందా రాదా అన్నది వదిలేయండి. 2015 జులై 14న, మొదటి రోజు ఉదయం, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. పన్నెండు రోజుల పండగలో ఆ మొదటి ఘడియలోనే, ఆ ఒక్క రేవులోనే మునగాలని జనం తోసుకువచ్చారు. ఆ ఘడియకు అంత విలువ కట్టిందెవరు? ఇది మతం మీద విమర్శే, కానీ భక్తుడు కూడా మీ పక్కన నిలబడి అడగగల విమర్శ. గ్రామసభలో అడగవలసినవి రాసి పెట్టుకున్నాను: మా వైపు రేవుకు వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉంటాయా? నీళ్ళలో కంచె ఎక్కడి వరకు? పిల్లలు తప్పిపోతే ఎక్కడ చెప్పాలి? మరుగుదొడ్లు ఎన్ని? తాగే నీళ్ళలో క్లోరిన్ ఎవరు చూస్తారు?

స్నాన సంకల్పంలో కాటన్ దొరను కూడా తలచుకునే పురోహితులు మా జిల్లాల్లో ఉన్నారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆయన. అలాంటి పురోహితులతో మాట్లాడటం నాకు ఇష్టం. మా రేవు దగ్గర ఉండే శాస్త్రిగారిని కలిసి, పన్నెండు రోజుల్లో ఏ రోజైనా, ఏ రేవైనా ఒకటేనని మైకులో చెప్పమని అడిగాను. "శాస్త్రం కూడా అదే అంటోందమ్మా, చెబుతాను. మీరు రెండు ముక్కలు రాసివ్వండి, చదువుతాను" అన్నారు. రాసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితం మడిచి, "అంతా బాగుంది. ఇది మీరు రాశారని మాత్రం ఎవరితోనూ అనకండి" అన్నారు. సరే, కానీ ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పనన్నాను. "ఎవరు అడుగుతారులెండి" అన్నారు శాస్త్రిగారు.